నీటితొట్టె: పిస్టల్ రొయ్య మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో కాపలా గోబీ చేప గురించి రాస్తూ, అది పిస్టల్ రొయ్య (పెద్ద డెక్కతో టక్కుమని పేల్చే చిన్న సముద్రపు రొయ్య) తవ్విన బొరియలో కాపురముంటుందని రెండు మాటలు చెప్పాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ రెండు మాటల మీదే. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన మన సీమ జిల్లాల్లో ఇంతమంది ఉప్పునీటి ట్యాంకులు పెట్టుకున్నారని తెలిసి సంతోషపడ్డాను. వెంటనే బెంగ కూడా పట్టుకుంది. చాలా ఉత్తరాల్లో రొయ్య ముందొచ్చింది, దానికి కావలసిన ఇసుక, నీళ్లు, చల్లదనం తర్వాత గుర్తొచ్చాయి. ఈ ప్రాణికి బొరియే బతుకు. ముందు బొరియకు తగ్గ ట్యాంకు కట్టి, నీళ్లు కుదిరాక రొయ్యను తెచ్చుకోండి. అనంతపురంలో జువాలజీ పాఠాలు చెప్పిన రోజుల్లో పిల్లలతోనూ ఇదే పట్టుదల పట్టేదాన్ని. ఈసారి శీర్షిక మొత్తం ఈ రొయ్యకే ఇస్తున్నా.

ప్రశ్న (కర్నూలు): మేడమ్ గారూ, మాది మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు. హైదరాబాద్‌లో ఒకాయన తన ట్యాంకు తీసేస్తుంటే ఆయన దగ్గర రాళ్లు కొనుక్కొచ్చి వేశాను. అప్పటినుంచి లైట్లు ఆర్పాక టక్ టక్ అని చప్పుడు. గ్లాసు చిట్లుతోందని మా నాయన నిద్రపోవడం లేదు. ట్యాంకు ఖాళీ చేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ నాయనగారిని హాయిగా పడుకోమను నాయనా. గాజుకు చీలిక వస్తే అది రోజూ లైట్లు ఆర్పే వేళకే చప్పుడు చేయదు. ఆ రాళ్ల సందుల్లో ఏదో ప్రాణి మీ ఇంటికొచ్చింది. పిస్టల్ రొయ్య అయినా కావచ్చు, మాంటిస్ ష్రింప్ అయినా కావచ్చు. రెండూ టక్కుమంటాయి. ఏదన్నది తేలేదాకా ఒట్టి చేయి రాళ్లలో పెట్టొద్దు.

తేల్చుకోవడం కష్టమేం కాదు. లైట్లు ఆర్పి ఒక గంట ఆగి, టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టి రాళ్ల సందుల్లోకి చూడు. ఎర్ర వెలుగు వాటికి పెద్దగా ఆనదు, బెదరవు. ముందున్న రెండు డెక్కల్లో ఒకటి ఒంటికి పొంతన లేనంత పెద్దదిగా, రెండోది సన్నగా ఉంటే పిస్టల్ రొయ్య. దాని కళ్లు తలపెంకు అంచు కింద దాగి ఉంటాయి. మాంటిస్‌కు కళ్లు కాడల మీద బయటికి నిలబడి, ఒక్కోటి ఒక్కో పక్కకు తిరుగుతుంటాయి. ముందుకాళ్లు మడిచి ఛాతీ కింద పెట్టుకుంటుంది. మాంటిస్ అయితే ఆ రాయిని తీసి వేరే తొట్టెలో పెట్టాల్సిందే. దాని దెబ్బకు నత్తలు, పీతలు మిగలవు. పెద్ద మాంటిస్‌లు అక్వేరియం గాజు పగలగొట్టిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి.

పిస్టల్ అని తేలితే మాత్రం భయం అక్కర్లేదు. చప్పుడు ఎలా పుడుతుందో మీ నాయనగారికి చెప్పు. పెద్ద డెక్కలో కదిలే వేలికి ఒక బుడిపె, కదలని వేలికి ఆ బుడిపె సరిగ్గా దిగేంత గుంట ఉంటాయి. రొయ్య వేలిని బారుగా తెరిచి పట్టి, ఒక్కసారిగా మూస్తుంది. గుంటలో నీళ్లు సెకనుకు సుమారు 25 మీటర్ల వేగంతో ముందుకు చిమ్ముతాయి. ఆ వేగానికి అక్కడ పీడనం పడిపోయి ఒక ఆవిరి బుడగ పుడుతుంది. చుట్టూ ఉన్న నీళ్లు నొక్కగానే అది నలిగిపోతుంది. మనకు వినపడే టక్కు ఆ బుడగ నలిగినప్పటిది. డెక్క వేళ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడొస్తుందని చాలాకాలం అనుకున్నారు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, జర్మనీకి చెందిన బార్బరా ష్మిట్జ్‌తో కలిసి హైస్పీడ్ కెమెరాతో తీసి 2000లో ‘సైన్స్’ పత్రికలో అసలు సంగతి బయటపెట్టారు. బుడగ నలిగే క్షణంలో కంటికి అందనంత చిన్న మెరుపు పుడుతుందని, లోపల వేడి కనీసం 5,000 కెల్విన్లకు చేరుతుందని మరుసటి ఏడాదే చూపించారు. సూర్యుడి పైపొర సుమారు 5,800 కెల్విన్లు. వేలెడంత కూడా లేని ప్రాణి మన హాల్లో ఒక మూల కూర్చుని ఈ పని చేస్తోందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అంత వేడి పుట్టినా ట్యాంకు నీళ్లకు ఏమీ కాదు. ఆ బుడగ సెకనులో వెయ్యోవంతు కూడా నిలవదు. దెబ్బ తగిలేది డెక్క ముందు కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉన్న చిన్న ప్రాణికే. చప్పుడు మాత్రం నీళ్లలో చాలా దూరం పోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాముల అలికిడి వినడానికి అమెరికా వాళ్లు సముద్రంలో మైకులు దించితే, వెచ్చని తీరాల్లో ఈ రొయ్యల గుంపుల చిటపటలు అడ్డం వచ్చాయి. దాని మీద పనిగట్టుకుని పరిశోధన కూడా చేయించారు.

ప్రశ్న (ఆదోని): టైగర్ పిస్టల్ రొయ్య, పసుపు కాపలా గోబీ జతగా కొన్నాను. గోబీ ఒక మూల, రొయ్య ఇంకో మూల. కలవడమే లేదు. ఇసుక అంగుళం మందం వేశాను. మొన్న పొద్దున చూస్తే రాళ్ల వరస ఒక పక్కకు ఒరిగి ఉంది. ఈ జత కుదరనట్టేనా?

జవాబు: జత సంగతి తర్వాత చూద్దాం అన్నా, ముందు ఆ రాళ్లు దించండి. ఈ రోజే. ఒరిగాయని రాశారంటే ఇసుక పరిచాక దాని మీద రాళ్లు పేర్చారన్నమాట. పిస్టల్ రొయ్య ఉన్న ట్యాంకులో అలా పేర్చకూడదు. అది రాత్రింబవళ్లు రాయి కిందనే తవ్వుతుంది, ఎందుకంటే రాయి దాని ఇంటికి పైకప్పు. కింద ఇసుక ఖాళీ అయ్యేకొద్దీ పైన బరువు కుంగుతుంది. కూలితే రొయ్య నలిగిపోతుంది, గోబీ నలిగిపోతుంది, గాజుకు తగిలితే ట్యాంకే పోతుంది.

రాళ్లు అడుగు గాజు మీద కూర్చోవాలి. గాజుకు గీతలు పడతాయనుకుంటే పలచని అక్రిలిక్ ముక్క వేసి, దాని మీద రాళ్లు కదలకుండా పేర్చి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయండి. మూడంగుళాలకు తగ్గొద్దు. అంతా సన్న ఇసుకైతే సొరంగం కప్పు నిలవదు. సన్న ఇసుకలో చిన్న గవ్వలు, విరిగిన ఆల్చిప్పలు, బఠాణీ గింజంత రాళ్లు కలపండి. రొయ్య వాటిని ఏరుకుని తీసుకుపోయి గోడలకు, ద్వారానికి ఆనిస్తుంది. కూర్చుని చూడండి, ఎంత ఓపికైన పనో. ఒక గవ్వ నచ్చకపోతే బయట పారేసి ఇంకోటి తెచ్చుకుంటుంది. నా ట్యాంకులో చీకటి పడే వేళకు ద్వారం మూసేస్తుంది, లైటు వచ్చాక మళ్లీ తెరుస్తుంది. ద్వారం ఉన్నచోటే ఉండదు కూడా. ఈ వారం ఎడమ పక్క, వచ్చే వారం పంపు ముందు. ఇసుక చదును చేయాలని మీకు చేయి దురద పెట్టినా చేయొద్దు. మీకు గుట్టలా కనిపించేది దానికి గోడ.

ఇక జత. ఈ రొయ్యకు చూపు చాలా మందం. బొరియ బయటికి వచ్చినంతసేపూ తన పొడుగు మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ ద్వారం దగ్గర నిలబడి చుట్టూ చూస్తుంటుంది. అనుమానం వస్తే తోక సన్నగా వణికిస్తుంది. మీసానికి ఆ వణుకు తెలియగానే రొయ్య వెనక్కి తగ్గుతుంది. ప్రమాదం మరీ దగ్గరకొస్తే గోబీ తల ముందు పెట్టి లోపలికి దూకుతుంది, అప్పటికే రొయ్య లోపల ఉంటుంది. తవ్వే పని రొయ్యది, చూసే పని చేపది, ఇల్లు ఇద్దరిదీ. సముద్రంలో వందకు పైగా గోబీ జాతులు ఇలా రొయ్యలతో కలిసి బతుకుతున్నాయి. అన్ని గోబీలూ అన్ని రొయ్యలతో కుదరవు. మీరు తెచ్చిన రెండూ మాత్రం బాగా కుదిరే జాతులే. ఎర్రచారల రాండాల్ పిస్టల్ కొనేవాళ్లు దానికి పొడుగు వీపురెక్క ఉన్న చిన్న స్టోనోగోబియాప్స్ జాతి గోబీని వెతుక్కోండి.

అంగుళం ఇసుకలో బొరియే లేదు, మరి గోబీ దేనికోసం వస్తుంది? ఇసుక సరిచేశాక అరంగుళం పీవీసీ పైపు ముక్క ఒకటి ఏటవాలుగా రాయి కిందకు పాతి, నోరు బయటికి తెరిచి పెట్టండి. రొయ్య దాన్ని మొదటి గదిగా వాడుకుంటుంది. తిండి కూడా రెండింటికీ ఆ నోటి దగ్గరే వేయండి. కొన్ని జతలు మొదటి రోజే కలుస్తాయి, కొన్నింటికి వారాలు పడుతుంది. వల వేసి పట్టి దగ్గర చేయాలని మాత్రం చూడకండి.

ప్రశ్న (అనంతపురం): మాది బోరు నీళ్లు, కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 900 పైన చూపిస్తోంది. ఎండాకాలం మా హాల్లో 36 డిగ్రీలు తగ్గదు. కరెంటు పోతుంది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనే స్తోమత లేదు. మేడమ్, మాలాంటి వాళ్లం ఈ రొయ్యను పెంచగలమా? ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: ఉన్నదున్నట్టే చెబుతాను తల్లీ. బోరు నీళ్లు ట్యాంకులో ఒక్క చెంబు కూడా పోయకూడదు. మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. దాంతోపాటు నైట్రేట్ ఉంటుంది, సున్నం ఉంటుంది, పాత పైపులూ కుళాయిలైతే రాగి కూడా. ఉప్పు కలపడానికి ఆర్‌ఓ నీళ్లు కావాలి. వీధి చివర ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకోవచ్చు, కానీ తెచ్చిన ప్రతిసారీ మీటరు పెట్టి చూడండి. తాగడానికి రుచిగా ఉండాలని కొందరు 70, 80 దగ్గర వదులుతారు. మనకు పదిలోపు కావాలి, సున్నా అయితే ఇంకా మంచిది. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే దాని తర్వాత మిగిలిన లవణాలు పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించుకుంటే సరిపోతుంది. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు పారబోయకండి. నీటి విలువ మన జిల్లాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బకెట్లో పట్టి ఇల్లు తుడవండి, బాత్‌రూముకు వాడండి. ట్యాంకులోంచి మార్చి తీసిన ఉప్పునీళ్లు మాత్రం చెట్ల మొదట్లో పోయొద్దు, నేల చౌడవుతుంది.

ఇక వేడి. ఈ రొయ్యకు 24 నుంచి 27 డిగ్రీలు సుఖం. 28 దాకా పర్వాలేదు. 30 దాటి రోజుల తరబడి ఉంటే కష్టం. ఉప్పునీళ్లలో ఆక్సిజన్ మంచినీళ్లలో కంటే తక్కువగా కరుగుతుంది, నీళ్లు వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. సముద్రపు ఊళ్లవాళ్లకు లేని ఒక మేలు మనకుంది. మన గాలి పొడిగాలి. నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే నీళ్లు ఆవిరై, మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే ట్యాంకూ చల్లబడుతుంది. నెల్లూరులోనో విశాఖలోనో గాలిలో తేమ ఎక్కువ, ఫ్యానుతో అంత ఫలితం ఉండదు. మనకు ఫ్యానుతోనే మూడు, నాలుగు డిగ్రీలు దిగుతాయి.

ఆ మేలుకు ఒక ఖరీదుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. వంద లీటర్ల ట్యాంకులో మూడున్నర కిలోల ఉప్పు కరిగి ఉంది, అంటే లీటరుకు 35 గ్రాములు. రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజులు పట్టించుకోకపోతే 88 లీటర్లు మిగులుతాయి, ఉప్పు లీటరుకు దాదాపు 40 గ్రాములవుతుంది. చేప తట్టుకున్నా రొయ్య తట్టుకోలేదు. అందుకని గాజు మీద నీటిమట్టం దగ్గర ఒక గీత గీసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ గీత దాకా ఒట్టి ఆర్‌ఓ నీళ్లు పోయండి. ఇలా పోసే నీళ్లలో ఉప్పు కలపకూడదు. నీళ్లలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.025 చుట్టూ ఉండాలి.

ఫ్యాను కోసం మూత తీసేస్తే గోబీ దూకి చస్తుంది. నైలాన్ దోమతెర చెక్క చట్రానికి బిగించి కప్పండి. ఇనుప జాలీ వద్దు. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి చేతికందేలా పెట్టుకోండి. ఇన్వర్టర్ ఉంటే లైటు సంగతి వదిలేసి నీళ్లు తిప్పే పంపుకు ఇవ్వండి. వెలుగు లేకుండా రోజంతా గడుస్తుంది, నీళ్లు కదలకపోతే గడవదు.

ఇంత చేసినా 36 డిగ్రీల హాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఒక్క ఫ్యానుతో 28కి దించడం సాధ్యం కాదు. చిల్లర్ లేకపోతే ఏసీ ఉన్న గది, అదీ లేకపోతే కింది అంతస్తులో ఎండ తగలని లోపలి గది కావాలి. స్లాబు కింద మేడమీద గది అసలు వద్దు. పాత మట్టి మిద్దె ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఆ చల్లదనానికి ఏ కూలరూ సాటి రాదు. ఏదీ కుదరకపోతే ఈ రొయ్యను కొనొద్దని నేను చెబుతాను. మంచినీటి ట్యాంకులో మనసుకు నచ్చే చేపలు ఎన్నో ఉన్నాయి. గది కుదిరితే జూలైలో ట్యాంకు పెట్టి, ప్రాణి ఏదీ వేయకుండా ఆరు వారాలు నడపండి. రొయ్యకు విషమైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక, ఎండ తగ్గిన అక్టోబరులో రొయ్యను తెచ్చుకోండి.

ప్రశ్న (ప్రొద్దుటూరు): సముద్రపు ఉప్పు ప్యాకెట్టు చాలా ఖరీదు. రాళ్ల ఉప్పు కూడా సముద్రంలోంచే వస్తుంది కదా, అది కలిపితే సరిపోదా? ఇసుకకు మా పెన్నా ఇసుక ఉంది.

జవాబు: ఉప్పు మడిలో ఏం జరుగుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. సముద్రపు నీళ్లు ఎండేకొద్దీ అందులోని సున్నం భాగం జిప్సంగా ముందే అడుగుకు దిగిపోతుంది. ఆ తర్వాత మనం తినే ఉప్పు పేరుకుంటుంది. మెగ్నీషియం, పొటాషియం మిగిలిపోయిన చేదునీళ్లలో ఉంటాయి, ఆ నీళ్లను బయటికి వదిలేస్తారు. కాబట్టి మీ చేతికొచ్చే రాళ్ల ఉప్పు సముద్రంలో ఒక ముక్క మాత్రమే. రొయ్య పెంకు కట్టుకోవాలంటే నీళ్లలో లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైన కాల్షియం, సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉండాలి. అక్వేరియం సాల్ట్ మిక్స్‌లో అవన్నీ కొలిచి కలుపుతారు. ఖరీదు తగ్గించుకోవాలంటే చిన్న డబ్బాలు మానేసి పెద్ద బకెట్టు నలుగురు కలిసి కొనుక్కోండి. గాలి తగలకుండా మూత బిగించాలి, లేదంటే తేమకు గడ్డకడుతుంది.

పెన్నా ఇసుక వేయొచ్చు, పనికిరానిదేం కాదు. బాగా కడిగి, ఆరబెట్టి, అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసేయండి. అయితే అది పలుగురాయి ఇసుక, నీళ్లకు సున్నం ఇవ్వదు. అందుకే నేను సగానికి పైగా అరగొనైట్ అనే సున్నపు ఇసుక కలపమంటాను. దుకాణంలో ఇచ్చింది అసలుదో కాదో చూడాలంటే నిమ్మరసం చుక్క వేయండి. బుడగలు వస్తే సున్నపు ఇసుకే. కింద స్టాండుకు కడప బండ కంటే గట్టిది లేదు. నా ట్యాంకు దాని మీదే ఉంది. వంద లీటర్ల ట్యాంకు రాళ్లు, ఇసుకతో కలిసి నూటయాభై కిలోలకు తక్కువ తూగదు.

ప్రశ్న (పులివెందుల): మా రొయ్య పెద్ద డెక్క ఊడిపోయి పడి ఉంది. రెండు రోజులకు ఒళ్లంతా కూడా ఇసుక మీద కనిపించింది. చనిపోయిందని అమ్మాయి ఏడుస్తోంది.

జవాబు: అమ్మాయిని ఆ ఒంటిని దగ్గరగా చూడమనండి. లోపల ఖాళీగా, గాజులా అవతలికి కనిపిస్తోందా? వీపు దగ్గర తెరుచుకుని ఉందా? అయితే అది విడిచిన పెంకు. రొయ్య లోపల ఎక్కడో దాక్కుని కొత్త పెంకు గట్టిపడేదాకా ఆగుతోంది. చచ్చిన రొయ్య ఒళ్లు పాలిపోయి తెల్లబారుతుంది, వాసన వస్తుంది. పెంకును అక్కడే వదిలేయండి, రొయ్య దాన్ని కొరుక్కుని అందులోని ఖనిజాలు తిరిగి తీసుకుంటుంది. ఈ రోజుల్లో రాళ్లు కదపొద్దు.

డెక్క విషయంలో మీ అమ్మాయికి ఒక మంచి కబురు. పెద్ద డెక్క ఊడిపోతే, మిగిలిన సన్న డెక్క తర్వాతి పెంకు మార్పుల్లో పెరిగి తనే పేల్చే డెక్కగా మారుతుంది. ఊడిన చోట కొత్తగా సన్న డెక్క మొలుస్తుంది. కుడిచేతి వాటం ఉన్న రొయ్య ఎడమచేతి వాటానికి వచ్చేస్తుందన్నమాట. ఆస్ట్రియా శాస్త్రవేత్త హాన్స్ ప్రిబ్రామ్ ఈ సంగతిని 1901లోనే రాశాడు. ఒక నోటుపుస్తకంలో తేదీలు వేసి, పెంకు విడిచినప్పుడల్లా రెండు డెక్కల బొమ్మ గీయమనండి. ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని పాఠం అది. అన్నట్టు, పెంకు తొందరగా రావాలని అయోడిన్ చుక్కలు వేయమని ఎవరైనా చెబితే వినొద్దు. నీళ్లు క్రమంగా మారుస్తుంటే కావలసినంత అందులోనే వస్తుంది.

ప్రశ్న (గుంతకల్లు): చేపలకు తెల్లచుక్కలొచ్చాయి. దుకాణంలో నీలిరంగు మందు ఇచ్చారు. రొయ్య ఉండగా వేయొచ్చా?

జవాబు: వేయొద్దు. సీసా మీద కాపర్ అని ఉందేమో చూడండి. చేపకు మందైన రాగి రొయ్యకు విషం. చేపను వేరే తొట్టెలోకి తీసి అక్కడ వైద్యం చేయండి. రాగి మందు ఒకసారి పడిన రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుని చాలాకాలం వదులుతూ ఉంటాయి. పాత ట్యాంకు సామాన్లు కొనేవాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

ప్రశ్న (కడప, స్కూలు టీచరు): పిల్లలను మైపాడు తీసుకుపోతున్నాం. అక్కడ ఈ రొయ్య దొరుకుతుందా? పనిలో పనిగా రాళ్లు, పగడపు ముక్కలు తెచ్చి స్కూల్లో ట్యాంకు పెడదామని ఆలోచన.

జవాబు: మైపాడులాంటి అలల ఇసుక తీరంలో ఈ రొయ్య దొరకదు. ఆల్చిప్పలు పేరుకున్న చోట, రాళ్ల సందుల్లో, ఉప్పుటేరుల బురదలో, మడ చెట్ల వేళ్ల దగ్గర ఉంటుంది. పగడాలు మాత్రం ముట్టుకోవద్దండి, ఎక్కడైనా సరే. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. తీరంలో పగలగొట్టి తెచ్చిన ‘లైవ్ రాక్’ (ప్రాణులు పట్టిన సముద్రపు రాయి) అమ్మేవాళ్ల దగ్గర కూడా కొనకండి. కృత్రిమంగా పోతపోసిన రాయి కొని, నడుస్తున్న ట్యాంకు ఉన్నవాళ్ల దగ్గర నుంచి గుప్పెడు ఇసుక అడిగి తెచ్చి కలిపితే అందులోని బ్యాక్టీరియా కొన్ని వారాల్లో రాళ్లకు పడుతుంది. ఎప్పుడైనా రాళ్లున్న తీరానికి పోతే, పిల్లలు పోటు తగ్గిన వేళ రాళ్ల గుంతల దగ్గర చెవులు రిక్కించి నిలబడితే చాలు. అదృష్టముంటే చిటపటలు వినపడతాయి.

స్కూలు ట్యాంకుకు ఒక్క మాట. వేసవి సెలవుల్లో రోజూ నీళ్లు పోసే మనిషి ఎవరో ముందే రాసిపెట్టుకున్నాకే మొదలుపెట్టండి. సరిగ్గా ఆ నెలల్లోనే మన దగ్గర ఆవిరి ఎక్కువ.

ప్రశ్న (తాడిపత్రి): తిండి ఏం పెట్టాలి? బజార్లో రొయ్యలు కొని తరిగి వేస్తే తింటుందా? గోబీ మొత్తం లాగేసుకుంటోంది.

జవాబు: తింటుంది, కానీ పచ్చి రొయ్య వేయొద్దు. 1994-95లో మన కోస్తా చెరువులను ఊడ్చిపెట్టిన తెల్లమచ్చ వైరస్ గుర్తుందా? అది చెరువు రొయ్యకే పరిమితం కాదు, రొయ్య, పీత జాతులన్నింటికీ సోకగలదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చావదు. మరిగే నీళ్లలో బాగా ఉడికించి, ఉప్పు, పసుపు ఏమీ తగలకుండా మినపగింజంత ముక్కలు చేసి వేయండి. సముద్రపు చేప కండ అయినా మంచిదే. దుకాణంలో దొరికే ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యలాంటి బుల్లి ప్రాణులు) రెండింటికీ సరిపోతుంది.

గోబీ లాక్కోవడం ఉన్నదే. ముందు నీళ్ల పైన కాస్త వేసి దాన్ని అటు తిప్పండి. సూది తీసేసిన పెద్ద సిరంజికి సన్న గొట్టం తగిలించి, బొరియ నోటి లోపలికి ముక్క వదలండి. రొయ్య మీసాలతో తడిమి, పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. రోజు విడిచి రోజు చాలు. మిగిలిపోయిన ముక్క బొరియలో కుళ్లితే అమోనియా పుడుతుంది, అందుకని మొదటి వారం పెట్టిన ప్రతిసారీ మరుసటి పొద్దున కిట్‌తో నీళ్లు పరీక్షించి, ఎంత తింటోందో చూసుకుని తగ్గించండి. చిన్న శుభ్రపరిచే రొయ్యలు, బుల్లి పీతలు అదే ట్యాంకులో ఉంటే వాటి మీద ఆశ వదులుకోవాలి, తిండి ఎంత పెట్టినా వేట మానదు. గట్టి పెంకున్న నత్తల జోలికి మాత్రం సాధారణంగా పోదు.